వలస ఇంటి పిల్లలు, ఫైనాన్స్ ఉద్యోగాలు: ముందు వేయాల్సింది ఏళ్ల లెక్క

ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన కుటుంబాల్లో పిల్లల చదువుల నిర్ణయాలు చాలావరకు ఫోన్లోనే జరిగిపోతాయి. పదో తరగతి ఫలితాలు వచ్చే సమయానికి తండ్రి ఖతార్‌లోనో, చెన్నైలోనో, హైదరాబాద్‌లో ఏదో సైటు మీదో ఉంటాడు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు ఊళ్లలో ఇంటికొచ్చి కూర్చునేది జూనియర్ కాలేజీ పీఆర్వో. కరపత్రం తల్లి చేతిలో పెట్టి, నిరుటి ర్యాంకుల ఫొటోలు ఫోన్లో చూపించి, "ఈరోజే సీటు రాయించుకుంటే ఫీజు తగ్గిస్తామమ్మా" అంటాడు. తల్లి భర్తకు ఫోన్ చేస్తుంది. డ్యూటీలో ఉన్న మనిషి రెండు నిమిషాలు విని, "మావయ్యని ఓసారి అడిగి చేర్పించీ" అని పెట్టేస్తాడు. ఎంపీసీయా, బైపీసీయా అన్నది అక్కడితో తేలిపోతుంది. లెక్కలంటే ఇష్టపడి, డబ్బు వ్యవహారాల మీద ఆసక్తి ఉన్న పిల్లలకు ఎంఈసీ (లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్) అనే గ్రూపు ఒకటుందన్న మాటే ఆ సంభాషణలో రాదు. సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) పేరు వచ్చినా, మార్కులు రానివాళ్ల గ్రూపుగానే వస్తుంది.

అలా ఎంపీసీలో చేరిన పిల్లల్లో చాలామంది బీటెక్ అయ్యాక బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో తేలుతారు. అంటే ఫైనాన్స్ వైపు మొగ్గు ఈ జిల్లాల్లో బాగానే ఉంది. కాకపోతే నాలుగేళ్లు ఆలస్యంగా, చుట్టుదారిలో వస్తోంది. దీనికి తల్లిదండ్రులకు అవగాహన లేకపోవడమే కారణమని తేల్చేయడం అన్యాయం. నెలనెలా రియాళ్లు పంపే మనిషికి మారకపు రేటు ఏ రోజు ఎంతుందో తెలుసు. ఇక్కడ ఇల్లు నడిపే భార్యకు చీటీ ఏ నెలలో పాడితే ఎంత నష్టమో, బంగారం బ్యాంకులో పెడితే వడ్డీ ఎంతో, బయట పెడితే ఎంతో నోటి లెక్కగా తెలుసు. వాళ్లకు తెలియనిది డబ్బు గురించి కాదు. ఈ రంగంలో ఏ దారికి ఎన్నేళ్లు పడుతుంది, మధ్యలో ఎక్కడ ఆగిపోవచ్చు, ఆగితే చేతిలో ఏం మిగులుతుంది అన్నది వాళ్లకు ఎవరూ చెప్పలేదు. పిల్లలకు తల్లిదండ్రులు ఇవ్వగలిగిన అసలైన సాయం కూడా అక్కడే ఉంది. చార్టర్డ్ అకౌంటెన్సీ (సీఏ) మంచిదా, బ్యాంకు మంచిదా అనే చర్చకన్నా ముందు, ఈ పిల్లాడి సంపాదన లేకుండా, ఈ అమ్మాయి సంపాదన లేకుండా ఇల్లు ఎన్నేళ్లు నడవగలదో తేల్చాలి.

ఆ ప్రశ్న అడగడం ఈ ఇళ్లలో ఎందుకు కష్టమో చూడాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు వలస కొత్త కాదు. ఒకప్పుడు రంగం అని పిలుచుకున్న రంగూన్‌కు ఓడలెక్కారు. రైల్వే పనులకు ఖరగ్‌పూర్ వెళ్లి అక్కడే తరాలుగా ఉండిపోయారు. మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ బోట్లలో పనికి కుదురుతున్నారు. 2018 చివర్లో అక్కడి నుంచి వేటకు వెళ్లి పాకిస్థాన్‌కు పట్టుబడినవాళ్లు 2020 జనవరిలో విడుదలయ్యారు. ఏడాదికి పైగా ఆ ఇళ్లు సంపాదించే మనిషి లేకుండా గడిచాయి. అదే 2018లో, అక్టోబర్ 11న, తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో కొబ్బరినీ జీడినీ నేలమట్టం చేసింది. ఇలాంటి చోట ఒకటో తారీఖున ఠంచనుగా జీతం పడే ఉద్యోగం అంటే ఎంత విలువో వేరే చెప్పక్కర్లేదు. దానికి తోడు అగ్రిగోల్డ్ దెబ్బ. లక్షల మంది డిపాజిటర్లను ముంచిన ఆ వ్యవహారంలో, 20 వేల రూపాయల లోపు కట్టినవాళ్లకైనా డబ్బు తిరిగి అందడానికి ప్రభుత్వం కల్పించుకోవాల్సి వచ్చింది. డబ్బుతో ముడిపడిన ప్రైవేటు ఉద్యోగం అంటే పెద్దవాళ్లు అనుమానపడటానికీ, ప్రభుత్వ బ్యాంకు అంటే మాత్రం మొహం విప్పారటానికీ ఈ అనుభవాలే కారణం. "బేంకులో పడితే చాలు బాబూ" అన్న మాటలో ఉన్నది భయం, ఆ భయానికి ఆధారం ఉంది.

కాబట్టి బ్యాంకు దారి నుంచే మొదలుపెట్టడం సబబు. ప్రభుత్వ రంగ బ్యాంకుల క్లర్కు, ప్రొబేషనరీ ఆఫీసర్ (పీవో) పోస్టులకు ఐబీపీఎస్ అనే నియామక సంస్థ నిర్వహించే పరీక్షలకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. వయసు క్లర్కుకు 20 నుంచి 28, పీవోకు 20 నుంచి 30. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు ఉంటుంది. తొలి దశ పరీక్ష ప్రిలిమ్స్‌లో గంటలో 100 ప్రశ్నలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. క్లర్కుకు ఇంటర్వ్యూ లేదు, పీవోకు ఉంది. 2024 మార్చిలో కుదిరిన వేతన ఒప్పందం ప్రకారం క్లర్కు మొదటి మూల వేతనం 24,050 రూపాయలు, ఆఫీసర్‌ది 48,480. దీనికి డీఏ, ఇతర అలవెన్సులు కలుస్తాయి. ఈ పరీక్షల కోసం పిల్లల్ని నంద్యాల దాకా పంపే కుటుంబాలు ఉన్నాయి. అక్కడి కోచింగ్‌కు ఆ పేరు ఊరికే రాలేదు. అయితే చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. ఆరు నెలల కోచింగ్ ఫీజు కట్టి, ఆరు నెలల్లో ఫలితం ఆశిస్తారు. ప్రిలిమ్స్ ఒక మార్కు తేడాతో పోగానే ఫోన్లో నిలదీయడం మొదలవుతుంది. ఈ పరీక్షలకు రెండు మూడేళ్లు కూర్చున్నాక వచ్చినవాళ్లే ఎక్కువ. ఆ సంగతి మొదటి రోజే తెలిస్తే, ఆ రెండేళ్లలో పిల్లాడు పక్కన ఏ పని చేసుకోవాలో కూడా ముందే ఆలోచించుకోవచ్చు.

గ్రామీణ బ్యాంకుల సంగతి విడిగా చెప్పాలి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఏళ్ల తరబడి పనిచేసిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు 2025 మే 1 నుంచి రాష్ట్రంలోని మిగతా మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. ఈ గ్రామీణ బ్యాంకు ఉద్యోగాల పరీక్షలను తెలుగులోనూ రాసే వీలుంది. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు ఇది నిజమైన మేలు. ఇంగ్లీష్ అంటే జంకే పిల్లల్ని ముందుగా దీనికి సిద్ధం చేయడం మంచిది.

ఇక్కడే వలస ఇళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఎదురవుతుంది. క్లర్కు పోస్టులు రాష్ట్రాలవారీగా ఉంటాయి. ఏ రాష్ట్రానికి దరఖాస్తు చేస్తే ఆ రాష్ట్ర భాష చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి. స్కూల్లో ఆ భాష చదివినట్టు మార్కుల జాబితా లేకపోతే పరీక్ష పెడతారు. ఖరగ్‌పూర్‌లోనో, భువనేశ్వర్‌లోనో, చెన్నైలోనో పెరిగిన పిల్లలు ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు కానీ అక్షరాలు రావు. ఆంధ్రప్రదేశ్ పోస్టుకు దరఖాస్తు పెట్టే రోజున అది తెలిసొస్తుంది. బెంగాల్‌కు పెట్టుకుంటే బెంగాలీ కావాలి, ఒడిశాకు పెట్టుకుంటే ఒడియా. తల్లిదండ్రులు వలస చోట పిల్లల్ని బడిలో వేసేటప్పుడు రెండో భాషగా ఏది తీసుకోవాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. పదేళ్ల తర్వాత అదే పెద్ద విషయం అవుతుంది. ఇంట్లో రోజుకు అరగంట తెలుగు చదివించడం ఖర్చు లేని పని.

సీఏ దారి వేరు. దీని మీద ఈ జిల్లాల్లో రెండు అభిప్రాయాలు పాతుకుపోయాయి. ఒకటి, అది కోమట్ల పిల్లలకీ, ఆడిటర్ల పిల్లలకీ తప్ప మనకెక్కడ వస్తుంది అన్నది. రెండోది, అది పూర్తిచేస్తే లక్షలే లక్షలు అన్నది. రెండూ పిల్లాడికి చేటు చేసేవే. సీఏకు మూడు మెట్లు: ఫౌండేషన్, ఇంటర్మీడియట్ (ఇది కాలేజీ ఇంటర్ కాదు), ఫైనల్. ఇంటర్ తర్వాత ఫౌండేషన్ రాస్తారు. నాలుగు పేపర్లు, ప్రతి పేపర్లో 40, మొత్తం మీద 50 శాతం రావాలి. డిగ్రీ అయినవాళ్లు బీకామ్‌లో 55 శాతం, ఇతర డిగ్రీల్లో 60 శాతం ఉంటే ఫౌండేషన్ లేకుండా నేరుగా రెండో మెట్టుకు వెళ్లొచ్చు. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్, అంటే సీఏ దగ్గర చేసే శిక్షణ, మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. ఎక్కడా ఫెయిల్ కాకుండా పోతే ఇంటర్ తర్వాత మూడున్నరేళ్లలో పూర్తవుతుంది. కానీ ఫెయిల్ కాకుండా వెళ్లేవాళ్లు కొద్దిమందే. ఇటీవలి పరీక్షల్లో ఫౌండేషన్ పాసైనవాళ్లు వందకు 15 నుంచి 22 మధ్యే ఉన్నారు. ఫైనల్లో రెండు గ్రూపుల పేపర్లూ ఒకేసారి రాసి గట్టెక్కేవాళ్లు వందకు 20 కూడా దాటడం లేదు. ఐదారేళ్లు పడుతుందని అనుకుని మొదలుపెట్టడమే వాస్తవం.

ఉద్దానం రైతుకు ఈ లెక్క అర్థం చేయించడం కష్టమేమీ కాదు. కొబ్బరి మొక్క నాటి కాపు కోసం ఆరేడేళ్లు ఆగినవాళ్లు వాళ్లు. తేడా ఏమిటంటే, చెట్టుకోసం ఆగేటప్పుడు పక్కన ఇంకో ఆదాయం ఉండేలా చూసుకుంటారు. పిల్లల చదువు దగ్గర ఆ జాగ్రత్త తప్పుతోంది. సీఏ ఇన్‌స్టిట్యూట్‌కు కట్టే ఫీజు ఇంజినీరింగ్ ఫీజుతో పోలిస్తే తక్కువే. విశాఖలోనో, విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో హాస్టల్, కోచింగ్ కలిసేసరికి ఖర్చు పెరుగుతుంది. ఆర్టికల్‌షిప్‌లో ఇచ్చే స్టైపెండ్‌తో నగరంలో హాస్టల్ బిల్లు తీరితే గొప్ప. ఇంకో అడ్డంకి భాష. సీఏ పరీక్ష ఇంగ్లీష్‌లోనో హిందీలోనో రాయాలి, తెలుగులో వీల్లేదు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లాడు ఫౌండేషన్‌లో ఫెయిలైతే, అకౌంట్స్ రాకపోవడం కన్నా ప్రశ్న అర్థం కాకపోవడమే కారణం కావచ్చు. ఇన్‌స్టిట్యూట్ తన మెటీరియల్‌ను ఉచితంగా పెడుతుంది, ఆన్‌లైన్ క్లాసులూ ఉచితంగా నడుపుతుంది. కోచింగ్‌కు డబ్బు కట్టే ముందు రెండు నెలలు ఇంట్లో వాటితో చదివి చూడటం వల్ల, ఈ చదువు తనకు సరిపడుతుందో లేదో పిల్లాడికే తెలుస్తుంది.

కాస్ట్ అకౌంటెన్సీ, కంపెనీ సెక్రటరీ కోర్సులు కూడా ఇలాగే మెట్లమీద నడిచేవే. ఫ్యాక్టరీల వైపు పని మీద ఇష్టం ఉంటే మొదటిది, చట్టాల వైపు మనసుంటే రెండోది చూడొచ్చు.

అమ్మాయిల దగ్గరికి వచ్చేసరికి ఏళ్ల లెక్క మారిపోతోంది. అబ్బాయికి ఐదేళ్లు ఇచ్చే ఇల్లు అమ్మాయికి రెండేళ్లే ఇస్తుంది. డిగ్రీ చివరి ఏడాదిలోనే సంబంధాల మాట మొదలవుతుంది. తండ్రి సెలవు మీద వచ్చినప్పుడే పెళ్లి చేసేయాలన్న తొందర వలస ఇళ్లలో మరీ ఎక్కువ. మళ్లీ సెలవు రెండేళ్లకు గానీ దొరకదు కదా అంటారు. అందుకే తెలివైన అమ్మాయిలు సీఏ మొదలుపెట్టి ఇంటర్మీడియట్ దగ్గర ఆగిపోతుంటారు. కంపెనీ ఇచ్చే సెలవుకు ఒక పిల్ల భవిష్యత్తును కట్టేయడం సరైన పని కాదు. తల్లిదండ్రులు ఈ ఒక్క విషయంలో గట్టిగా నిలబడితే చాలు, మిగతాది ఆ పిల్ల చూసుకుంటుంది.

డిగ్రీ చేతికి రాగానే మొదట దొరికే ఫైనాన్స్ ఉద్యోగాల గురించి కూడా పెద్దవాళ్లకు స్పష్టత ఉండాలి. మెడలో ఐడీ కార్డు, ఇన్‌షర్టు చూసి బ్యాంకు ఉద్యోగం అనుకునేవాటిలో చాలావరకు మైక్రోఫైనాన్స్ వసూళ్ల పనులే. బైకు మీద ఊరూరూ తిరిగి మహిళా గ్రూపుల దగ్గర కిస్తీలు కట్టించుకోవాలి. కట్టకపోతే ఇంటి ముందు కూర్చోవాలి. నెలాఖరు టార్గెట్ టెన్షన్ వేరు. కొందరికి అది మంచి అనుభవమే అవుతుంది. కానీ పైమెట్టు ఎక్కడుందో అడగకుండా చేరితే నాలుగేళ్ల తర్వాతా అదే బైకు మీద ఉంటారు. హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో విదేశీ బ్యాంకులకు, ఫండ్లకు లెక్కలు చూసే ఆఫీసులు బీకామ్ పిల్లల్ని తీసుకుంటున్నాయి. ఆ భవనాల్లో కొన్నింటికి సెంట్రింగ్ కట్టింది, కాంక్రీట్ పోసింది శ్రీకాకుళం మేస్త్రీలూ కూలీలే. వాళ్ల పిల్లలు అందులో కూర్చోవడానికి కావాల్సింది ఎక్సెల్ బాగా రావడం, తప్పుల్లేకుండా ఇంగ్లీష్‌లో ఈమెయిల్ రాయగలగడం. ఈ రెండూ ఏ డిగ్రీ కాలేజీలోనూ సిలబస్‌లో సరిగా నేర్పని విషయాలు. సెలవుల్లో సొంతంగా నేర్చుకోవాలి. ఇక ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డిపాజిట్ అడిగేవాళ్ల మాట వినొద్దు. బ్యాంకు ఉద్యోగాలకు డబ్బు తీసుకునే ఏజెంట్లు అంటూ ఎవరూ ఉండరు.

ఫైనాన్స్ పేరుతో పిల్లలు జారిపోయే పెద్ద గొయ్యి ట్రేడింగ్ యాప్‌లు. తండ్రి పంపిన డబ్బు తల్లి ఖాతాలో ఉంటుంది, ఆ ఖాతా నడిపేది కొడుకు ఫోను. కాలేజీలో ఎవరో ఆప్షన్స్‌లో, అంటే షేర్ల ధర పెరుగుతుందో తగ్గుతుందో అన్న అంచనా మీద కట్టే వ్యాపారంలో, లక్ష సంపాదించాడని వింటాడు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2024 సెప్టెంబర్‌లో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో చేయి పెట్టిన వ్యక్తుల్లో వందకు 93 మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. తలకు సగటున 2 లక్షల దాకా పోయింది. 2023-24లో వీళ్లలో 43 శాతం మంది 30 ఏళ్ల లోపు వాళ్లే. రెండు లక్షలంటే గల్ఫ్‌లో హెల్పర్‌గా పనిచేసే మనిషికి ఎన్ని నెలల మిగులో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. షేర్ మార్కెట్ మీద నిజంగా ఆసక్తి ఉన్న పిల్లల్ని ఆపక్కర్లేదు. సెబీ నెలకొల్పిన ఎన్ఐఎస్ఎం సంస్థ సర్టిఫికెట్ పరీక్షలు పెడుతుంది. మ్యూచువల్ ఫండ్ల పంపిణీకి, బ్రోకింగ్ ఆఫీసుల్లో పనికి అవి అవసరం. "ముందు ఆ పరీక్ష పాసై చూపించు" అని అడగడం తల్లిదండ్రుల హక్కు.

ఆసక్తిని పరీక్షించడానికి ఇంట్లోనే మంచి పని ఉంది. చాలా వలస ఇళ్లలో తండ్రి విదేశం వెళ్లినా పాత సేవింగ్స్ ఖాతానే నడుస్తూ ఉంటుంది. విదేశీ మారక చట్టం (ఫెమా) నిబంధనల ప్రకారం దాన్ని ప్రవాసుల ఇక్కడి ఆదాయానికి ఉద్దేశించిన ఎన్ఆర్ఓ ఖాతాగా మార్చాలి, బయటి నుంచి పంపే డబ్బుకు ఎన్ఆర్ఈ ఖాతా తెరవొచ్చు. ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీ మీద ఇక్కడ పన్ను లేదు. ఎన్ఆర్ఓ వడ్డీ మీద పన్ను కోస్తారు. ఈ తేడా కనుక్కుని, బ్యాంకుకు వెళ్లి ఫారాలు తెచ్చి నింపే పని ఇంటర్ చదివే పిల్లలకు అప్పగించొచ్చు. నెలకు 1,500 రియాళ్లు వచ్చే ఇంట్లో రేటులో 20 పైసల తేడా అంటే 300 రూపాయలు, ఏడాదికి 3,600. ఎక్స్ఛేంజ్ కేంద్రం తీసుకునే చార్జీని కూడా కలిపితే ఏది లాభమో పిల్లలు ఒక పేజీలో లెక్క రాసి నాన్నకు వాట్సాప్‌లో పంపొచ్చు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో, అంటే విదేశంలో పనికి వెళ్లడానికి ప్రభుత్వ అనుమతి కావాల్సిన పాస్‌పోర్టుతో, వెళ్లే కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు కడితే 10 లక్షల బీమా. ఆ పాలసీ కాగితం ఇంట్లో ఎక్కడుంది, నామినీగా ఎవరి పేరుంది, గడువు ఎప్పుడు ముగుస్తుంది? ట్రంకు పెట్టె తీసి ఇవన్నీ వెతికి ఒక నోట్‌బుక్‌లో రాసిన అమ్మాయికి బ్యాంకు ఇంటర్వ్యూలో కేవైసీ (ఖాతాదారు గుర్తింపు), నామినేషన్, టీడీఎస్ (ముందే కోసే పన్ను) గురించి అడిగితే తడబాటు ఉండదు. పైగా ఇంటి అప్పెంతో ఆమెకు తెలుస్తుంది. తండ్రి దాచిన అప్పు సంగతి కోచింగ్ మధ్యలో బయటపడి చదువు మానేయడం కన్నా, మొదట్లోనే తెలిసి దానికి తగ్గ దారి ఎంచుకోవడం నయం.

పెద్ద పేర్లు చెప్పి పిల్లల్ని ఉత్సాహపరచడం మామూలే. 2008 నుంచి 2013 వరకు రిజర్వు బ్యాంకు గవర్నర్‌గా ఉన్న దువ్వూరి సుబ్బారావు విజయనగరం పక్కనున్న కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివారు. ఆయన చదివింది ఫిజిక్స్, బ్యాంకింగ్ వైపు వచ్చింది ఐఏఎస్ మీదుగా. గర్వపడాల్సిందే. కానీ ప్లస్ టూలో సీఈసీ తీసుకున్న పిల్లాడికి అంతకన్నా పనికొచ్చేది, పక్క ఊరి నుంచి సీఏ ఇంటర్మీడియట్ పాసైన అన్నయ్యతో ఒక గంట మాట్లాడించడం.

వయసుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే దారుల వరుస తేలుతుంది. ఇంటర్ అయ్యేసరికి 17, 18. అప్పుడు సీఏ మొదలుపెట్టి, పక్కన దూరవిద్యలో బీకామ్ చేసుకుంటే, 23, 24 ఏళ్లకు సీఏ పూర్తవుతుందో లేదో తెలిసిపోతుంది. పూర్తికాకపోయినా డిగ్రీ చేతిలో ఉంటుంది, క్లర్కు పరీక్షకు ఇంకా నాలుగేళ్లు, పీవోకు ఆరేళ్లు మిగిలి ఉంటాయి. బ్యాంకు పరీక్షలకే 28 దాకా కూర్చుని, రాలేదని అప్పుడు సీఏ మొదలుపెట్టడం చట్టప్రకారం కుదిరినా ఇంటి పరిస్థితి కుదరనివ్వదు. అందుకే కష్టమైన దారి ముందు, వయసు ఉన్నప్పుడు. ఆపాల్సిన తేదీని కూడా ముందే, తండ్రి సెలవు మీద ఇంట్లో ఉన్నప్పుడు, అందరూ కూర్చుని అనుకోవాలి. ఇల్లు మూడేళ్లకు మించి మోయలేదనుకుంటే సీఏ పక్కనపెట్టి డిగ్రీ, బ్యాంకు దారి పట్టడంలో చిన్నతనం ఏమీ లేదు. ఉద్యోగంలో చేరాక బ్యాంకు ఉద్యోగుల కోసం పెట్టే జేఏఐఐబీ, సీఏఐఐబీ పరీక్షలు రాసి ఆఫీసర్ అయిన క్లర్కులు ప్రతి బ్రాంచిలో కనిపిస్తారు.

సీఏలో ఇంటర్మీడియట్ దాటి, ఆర్టికల్‌షిప్ చేసి, ఫైనల్ దగ్గర ఆగినవాళ్ల కష్టం వృథా పోదు. పలాస జీడి యూనిట్లు, టెక్కలి గ్రానైట్ వ్యాపారులు, పైడిభీమవరం ఫ్యాక్టరీలు, రైసు మిల్లులు నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేయాలి, టీడీఎస్ కట్టాలి, ఆడిట్‌కు పుస్తకాలు సిద్ధం చేసుకోవాలి. ఆ పని తెలిసిన మనిషి కోసం వాళ్లు విశాఖ వైపు చూస్తున్నారు.